కీల్డర్ జలాశయం చుట్టూ 42 కిలోమీటర్లు: లేక్‌సైడ్ వే సైకిలు బాట రివ్యూ

వీక్షకులకు నమస్కారం. ఇంగ్లాండు ఉత్తరపు కొసన, స్కాట్లాండు సరిహద్దును ఆనుకున్నట్టుగా ఉండే కీల్డర్ జలాశయాన్ని చుట్టివచ్చే లేక్‌సైడ్ వే అనే బాటను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. దీని పొడవు సుమారు 42 కిలోమీటర్లు. నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి, గుర్రాల మీద వచ్చేవారికి వేసిన బాట ఇది. కార్ల బెడద లేదు. డ్యామ్ మీద మాత్రం అవతలి ఒడ్డున ఉన్న హాక్‌హోప్ పార్కింగుకు వెళ్ళే వాహనాలు ఎదురవుతాయి. న్యూకాజిల్‌లో నివసిస్తున్న నేను ఆగస్టు చివరి వారంలో, వెనక క్యారియర్‌కు రెండు పక్కలా సంచులు తగిలించిన టూరింగ్ సైకిలు మీద, ఒక్కరోజులో దీనిని పూర్తి చేశాను.

జలాశయం చుట్టూ బాట అనగానే మనకు చెరువుకట్ట మనసులో మెదులుతుంది. నేనూ కట్ట మీద తొక్కినట్టు హాయిగా సాగిపోతుందనే బయలుదేరాను. అది తప్పు అంచనా. కొండల మధ్య లోయను నీటితో నింపడం వల్ల ఏర్పడిన ఒడ్డు కాబట్టి, వాగు వచ్చి కలిసే ప్రతిచోటా బాట నీటి అంచు దాకా దిగి, వెంటనే మళ్ళీ ఎక్కుతుంది. ఏ ఎక్కుడూ పెద్దది కాదు, కాని అవి ఎంతకీ అయిపోవు. బరువున్న సైకిలును చిన్న గేరులో నెట్టుకుంటూ ఎక్కి, ఊపిరి తీసుకునేలోపే బ్రేకులు పట్టుకుని దిగవలసి వస్తుంది.

ఈ నీటి సంగతి కొంచెం చెప్పాలి. నిల్వ సామర్థ్యాన్ని బట్టి బ్రిటన్‌లోని మానవ నిర్మిత జలాశయాలన్నిటిలో ఇదే పెద్దది. దీనిలో పట్టేది 20,000 కోట్ల లీటర్లు. మన లెక్కలో అది ఏడు టీఎంసీలు, అంటే దాదాపుగా గండిపేట, హిమాయత్‌సాగర్ రెండూ కలిపినంత. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు చూసిన కళ్ళకు ఇది ఆనదు గాని, చుట్టూ ఉన్న నిశ్శబ్దంలో చాలా పెద్దదిగానే కనిపిస్తుంది. టీస్ నది తీరంలోని ఉక్కు, రసాయన పరిశ్రమలకు నీరు కావాలని దీనిని తలపెట్టారు. 1982లో రాణి ఎలిజబెత్ ప్రారంభించే నాటికి ఆ పరిశ్రమలే వెనకపట్టు పట్టాయి. లోయలోని పొలాలు, ఇళ్ళు, పాత రైలుమార్గంలో కొంత భాగం నీటి అడుగుకు వెళ్ళాయి. శ్రీశైలం ముంపు గ్రామాల కథలు విని పెరిగినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. చుట్టూ ఉన్న అడవి కూడా సహజమైనది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కలప కరువు చూశాక ఏర్పడిన ఫారెస్ట్రీ కమిషన్ 1926 నుంచి ఇక్కడ మొక్కలు నాటించింది. వాటిలో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన సిట్కా స్ప్రూస్ అనే సూదిలాంటి ఆకుల చెట్లు.

నేను ఆగ్నేయ మూలన ఉన్న టవర్ నో దగ్గర మొదలుపెట్టి, దక్షిణపు ఒడ్డు మీదుగా పడమటికి వెళ్ళాను. టీ దొరికే చోట్లు, మరుగుదొడ్లు, పిల్లలతో వచ్చిన కుటుంబాలు అన్నీ ఈ వైపే. లూయిస్‌బర్న్ దగ్గరి వేలాడే వంతెన బాగుంది. అంతకు మించి ఈ ఒడ్డు గురించి చెప్పుకోవలసింది తక్కువ.

ఇప్పుడు మీరు తెర మీద చూస్తున్నది కీల్డర్ వయాడక్ట్. ఈ మొత్తం ప్రయాణంలో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. 1862లో బోర్డర్ కౌంటీస్ రైలు కోసం కట్టిన ఈ వంతెన నదిని తిన్నగా కాక ఏటవాలుగా దాటుతుంది. అందువల్ల ఏడు కమానులలోనూ రాళ్ళ వరుసలు అడ్డంగా ఉండవు, మెలి తిప్పిన తాడు పోగుల్లా వంపు తిరిగి ఉంటాయి; ప్రతి రాయినీ దాని స్థానానికి తగ్గట్టు విడిగా చెక్కితే తప్ప ఇది నిలబడదు. పైన పిట్టగోడలు కోటబురుజుల మాదిరిగా ఉన్నాయి. 1956లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడు రైలు నడిచిన చోట మన టైర్లు నడుస్తున్నాయి.

దగ్గరలోని కీల్డర్ గ్రామంలో తిండి, నీళ్ళు సర్దుకోండి, ఎందుకంటే ఉత్తరపు ఒడ్డుకు తిరిగాక డ్యామ్ వచ్చేదాకా ఒక్క దుకాణమూ లేదు. నా దృష్టిలో అసలైన బాట ఇదే. అడవికి పైన, చెట్లు పెరగని మిట్ట నేల కనిపిస్తుంది. దీనినే ఇక్కడివారు మూర్ అంటారు. కాలు పెడితే మెత్తగా దిగే పీట్ నేల, అంటే సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న తడినేల మీద గడ్డి, హెదర్ పొదలు పరుచుకుని ఉంటాయి. ఆగస్టులో హెదర్ పూసినప్పుడు ఆ కొండలు వంగపూవు రంగులోకి మారతాయి. దారిలో సిల్వాస్ కాపిటాలిస్ అనే పెద్ద చెక్క తలకాయ ఉంది. దాని నోట్లోంచి లోపలికి వెళ్ళవచ్చు. అది నాకు అంతగా నచ్చలేదు. స్టీలు రేకులతో కట్టిన బెల్వెడియర్ అనే చిన్న విశ్రాంతి గది మాత్రం వాన పడుతున్నప్పుడు ఎంతో ఆదుకుంది.

ఆ వానే ఈ బాటలోని లోపాన్నీ బయటపెట్టింది. దారి పొడవునా పరిచి గట్టిచేసిన కంకరపొడి ఎండలో చక్కగా ఉంటుంది. తడిస్తే బూడిదరంగు ముద్దలా మారి చైనుకు, బ్రేకులకు పట్టేస్తుంది. ఒక దిగుడులో నా చైను జారింది. సరిచేద్దామని వంగేసరికి మిడ్జులు, అంటే కంటికి సరిగా ఆనని నుసిపురుగులు, చెవుల వెనకా కనురెప్పల మీదా మూగాయి. చేతులకు గ్రీజు ఉండటం వల్ల తుడుచుకునే వీలు కూడా లేకపోయింది. రెండు నిమిషాల పనికి పావుగంట పట్టింది.

సన్న టైర్ల రోడ్డు సైకిలుతో ఇక్కడికి రావద్దు. 38 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు, మడ్‌గార్డులు, తల మీదుగా వేసుకునే సన్నని వల ఉండాలి. పిల్లలతో వచ్చేవారు పూర్తి చుట్టు పెట్టుకోకుండా దక్షిణపు ఒడ్డు మీద కొంత దూరం వెళ్ళి వెనుదిరగడం మంచిది.

నేను చేసిన మరో పొరపాటు దిశ విషయంలో. తేలిక ఒడ్డును పొద్దున ముగించి, కష్టమైన ఒడ్డును కాళ్ళు అలసిపోయాక మిగుల్చుకున్నాను. మీరు టవర్ నో నుంచి ముందుగా డ్యామ్ దాటి, ఉత్తరపు ఒడ్డు మీదుగా పడమటికి బయలుదేరండి. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది కాబట్టి ఎదురుగాలి తప్పదు గాని, గాలి ఆడే చోట నుసిపురుగులు నిలవవు.