ప్యాడ్లు మార్చానన్న మాట

తమ్ముడు: రికార్డింగ్ మొదలైంది అక్కా. పదకొండేళ్లు మన కార్లు చూసిన మెకానిక్ దగ్గరికి వెళ్లడం మానేశావు. నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మొదటి నుంచి చెప్పు.

అక్క: చెప్తాను. ఆయన ఎలాంటి మనిషో ముందు చెప్పనివ్వు. నేను డ్రైవింగ్ నేర్చుకున్న కొత్తలో ఇంజన్ వేడెక్కి కారు ఆగిపోయింది. రేడియేటర్ మూత తీయబోతుంటే గట్టిగా అరిచి ఆపారు. "లోపల నీళ్లు ప్రెషర్‌లో ఉంటాయమ్మా, మొహం మీదికి చిమ్ముతాయి" అన్నారు. హారన్ మోగడం లేదని వెళ్తే ఫ్యూజ్ మార్చి, డబ్బులొద్దని పంపిన రోజులూ ఉన్నాయి.

తమ్ముడు: క్లచ్ మీద ఊరికే కాలు పెట్టి నడపొద్దని నాకు నేర్పింది కూడా ఆయనే.

అక్క: అందుకే, బ్రేక్ వేస్తే కీచుమంటోందని కారు ఇచ్చినప్పుడు నేనేమీ అడగలేదు. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చానన్నారు. డబ్బులిచ్చి వచ్చేశాను. శబ్దం కూడా పోయింది. రెండు నెలల తర్వాత టైర్లు ముందువి వెనక్కి మార్పిద్దామని వేరే చోటికి వెళ్లాను. చక్రం విప్పిన అబ్బాయి "ప్యాడ్లు అయిపోవచ్చాయి మేడమ్" అన్నాడు. కొత్త ప్యాడ్ మీద మెటీరియల్ మామూలుగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. నావి సరిగ్గా అంతే ఉన్నాయి.

తమ్ముడు: కాలిపర్, అదే ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం, పట్టేసి ఉండొచ్చు కదా? అప్పుడు తొందరగా అరిగిపోతాయి.

అక్క: అదే అయ్యుండాలని ఎంత కోరుకున్నానో! కానీ కాలిపర్ పట్టేస్తే సాధారణంగా ఒక చక్రానికే ఎక్కువ అరుగుతుంది, లేదా లోపలి ప్యాడ్ ఒకలా, బయటిది ఒకలా ఉంటుంది. ఆ చక్రం వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది. నా కారుకి నాలుగు ప్యాడ్లూ ఒకే మందంలో ఉన్నాయి. వెనకున్న ఇనుప పలక మొత్తం తుప్పే. ఆ రెండు నెలల్లో నేను తిరిగింది 1,500 కిలోమీటర్లు కూడా లేదు.

తమ్ముడు: మరి శబ్దం ఎలా పోయింది?

అక్క: ప్యాడ్లు తీసి ఎమ్రీ పేపర్‌తో రుద్ది, వెనక కాస్త గ్రీజు రాసి బిగిస్తే కొన్నాళ్లు శబ్దం రాదు. ఆ అబ్బాయే చెప్పాడు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రెండు నెలలు ఆ బ్రేకుల మీద తిరిగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

తమ్ముడు: ఆయన్ని అడిగావా?

అక్క: షెడ్డుకి వెళ్లి ఫోన్‌లో ఫొటో చూపించాను. ఫొటో వైపు చూడనేలేదు. "కుర్రాడు చేసుంటాడమ్మా, నాకు తెలీదు, వదిలేయ్ మార్చేస్తాలే" అన్నారు. చక్రం విప్పి చూద్దాం పదమ్మా అని ఉంటే నేను అక్కడే ఉండిపోయేదాన్ని.

తమ్ముడు: ఇంతకు ముందు కూడా ఒకసారి తప్పు జరిగింది కదా, ఇంజన్ లైట్ వెలిగినప్పుడు?

అక్క: అది వేరు. స్కానర్ పెడితే పి0171 అని కోడ్ వచ్చింది. ఇంధనానికి గాలి ఎక్కువ కలుస్తోందని దాని అర్థం. ఏ పార్టు పోయిందో కోడ్ చెప్పదు. ఆయన ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, వారంలో లైట్ మళ్లీ వెలిగింది. చూస్తే ఇంజన్‌కి ఉండే వ్యాక్యూమ్ గొట్టానికి చీలిక, గాలి అక్కణ్నుంచే దూరుతోంది. "నేనే తొందరపడ్డానమ్మా" అని సెన్సర్ డబ్బులు తిరిగిచ్చారు. ఆ రోజు నాకు ఆయన మీద నమ్మకం ఇంకా పెరిగింది. అదే మనిషి ఈసారి ఫొటో వైపు కూడా చూడలేదు. ఏం మారిందో నాకు అర్థం కాలేదు. పని పెరిగి కుర్రాళ్ల మీద వదిలేశారేమో. కానీ మార్చానని చెప్పింది ఆయన నోరే కదరా.

తమ్ముడు: ఇప్పుడు కారు ఎక్కడ చూపిస్తున్నావు?

అక్క: కొత్త చోట. పని మొదలుపెట్టకముందే పాత సామాను నాకివ్వాలని చెప్తాను. ప్యాడ్లయితే చక్రం విప్పాక ఒకసారి, కొత్తవి వేశాక ఒకసారి ఫొటో తీస్తాను. ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం మార్చారో పుస్తకంలో రాస్తున్నాను. ఎవరూ నొచ్చుకోవడం లేదు, మంచి మెకానిక్ అయితే అడగకముందే చూపిస్తున్నాడు. మన పెద్దాయన్ని కూడా మొదటి నుంచీ అలా అడిగి ఉంటే బాగుండేది. అడిగితే అవమానిస్తున్నట్టు ఉంటుందేమోనని ఆగిపోయాను.

తమ్ముడు: ఆయనే ఫోన్ చేసి రమ్మంటే?

అక్క: వెళ్తాను. నా ముందే చక్రం విప్పమంటాను.