శాలువా వద్దు, వేషం ఇవ్వండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మన మాస్టారికి, పక్కనే ఉన్న అమ్మగారికి నమస్కారం. నేను హార్మోనిస్టుని. వయసంతా ఇంకొకరి గొంతు వెనక వాయించినవాణ్ణి. మైకు ముందు నిలబడితే నాకు టెన్షన్. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పక్షవాతం వచ్చాక మాస్టారికి సన్మానాలు ఎక్కువయ్యాయి. ఏ ఊరు పిలిచినా ఒకటే వరస. కుర్చీలో కూర్చోబెడతారు, శాలువా కప్పుతారు, హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను అంటే ఆయనదేనని నాలుగు మాటలు చెబుతారు, ఫొటో తీసి కారెక్కిస్తారు. మైకు మాత్రం ఇవ్వరు. మాట తడబడితే ఆయన బాధపడతారట! ఆయన సంగతి ఆయన చూసుకుంటారు. చూడలేనిది మనం.

ఇది విజయనగరం. గజ్జె కట్టి, చిడతలు పట్టి, ఆడుతూ పాడుతూ హరికథ చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరు. 1919లో మహారాజా వారు పెట్టిన సంగీత పాఠశాలకు ఆయనే తొలి ప్రిన్సిపాల్. ఘంటసాల చదువుకున్నది ఆ పాఠశాలలోనే. మన కళలన్నిటికీ ఒళ్లంతా కావాలి. తప్పెటగుళ్లైనా, హరికథైనా, పద్య నాటకమైనా కూర్చుని గొంతు ఒక్కటీ వినిపిస్తే సరిపోదు. అందుకే కాలూ చెయ్యీ పడిపోగానే ఇక అయిపోయిందని అనేస్తాం.

అసలు ఏం జరిగిందో చెబుతాను, ఎందుకంటే ఊళ్లో రకరకాలుగా చెప్పుకున్నారు. బీపీ ఎప్పట్నుంచో ఉంది. పండగల సీజన్లో వరసగా రాత్రుళ్లు నాటకాలు, పగలు ప్రయాణాలు, నిద్ర లేదు, మాత్ర గుర్తున్న రోజు వేసుకోవడం. మన నటుల్లో సగం మంది బతుకు ఇదే. మెదడులో ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. చాలామందికి మాటను నడిపించేది ఆ ఎడమవైపే మరి. ఎవరో పావురం రక్తం రాయమన్నారు. అమ్మగారు వినలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు పడాలి. అదీ స్కాన్ తీసి, మెదడులో రక్తం కారడం లేదని తేల్చుకున్నాకే. అర్ధరాత్రి నాటకం మధ్యలో ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దయినా తెల్లారాక చూద్దాం అనకండి. 108కి ఫోన్ చెయ్యండి. వేషం తియ్యకపోయినా ఫర్వాలేదు, కిరీటంతోనే ఎక్కించండి.

ఇంటికొచ్చాక వింత జరిగింది. మంచినీళ్లు కావాలని అడగలేకపోయేవారు. నోరు కదిలేది, మాట వచ్చేది కాదు. నేను ఊరికే పెట్టె తెరిచి శ్రుతి పట్టుకుంటే, పద్యం మొదటి పాదం అందుకున్నారు. అక్షరం పోలేదు! ఇది చూసి కొందరు, 'పద్యం వస్తోంది, మాట ఎందుకు రాదు, నటిస్తున్నాడు' అన్నారు. నటన కాదు బాబూ. పాటకి మెదడు రెండు వైపులా పనిచేస్తాయి. ఏళ్ల తరబడి నోటికి పట్టిన పద్యం, అప్పటికప్పుడు కూర్చుకునే మాట వచ్చే దారినే రానక్కర్లేదు. 1745లోనే స్వీడన్‌లో ఇలాంటి మనిషి గురించి రాసి పెట్టారు. మాట్లాడలేడు, ప్రార్థన గీతాలు మాత్రం పాడతాడని. 1973 నుంచి దీన్నే ఒక చికిత్సగా వాడుతున్నారు. చిన్న మాటను రాగంలా సాగదీసి, ఎడమ చేత్తో తాళం వేస్తూ పలికించడం. అందరికీ పనిచేయదు, పనిచేసినా నెలలు పడుతుంది. 'నీళ్లు కావాలి' అనే రెండు మాటలకి నేనెంత వాయించానో అమ్మగారికి తెలుసు. కచేరీలకి కూడా అంత సాధన చేయలేదు నేను.

అమెరికాలో డిక్ క్లార్క్ అని టీవీ వ్యాఖ్యాత ఉండేవాడు. ముసలితనం రాని కుర్రాడని పేరు. ప్రతి డిసెంబరు 31 రాత్రి న్యూయార్క్ నుంచి కొత్త సంవత్సరం కార్యక్రమం ఆయనది. 2004 డిసెంబరులో పక్షవాతం వచ్చింది. ఆ ఏడు ఆయన చోట ఇంకొకరు చేశారు. మరుసటి ఏడు ముద్దమాటతోనే వచ్చేశాడు. కార్యక్రమం బరువు ఒక కుర్రాడు మోశాడు, అంకెలు లెక్కపెట్టే ఘట్టం ఈయన చేశాడు. పండగ పూట ఇది చూపించాలా అని విసుక్కున్నవాళ్లున్నారు. తనలాగే పక్షవాతం వచ్చినవాళ్లు మాత్రం సంతోషించారు. 2012లో చనిపోయే ముందు వచ్చిన కొత్త సంవత్సరం రాత్రి కూడా తెర మీద ఉన్నాడు.

మనకి ఇది అమెరికా నేర్పాలా? మన నాటకంలో ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు వస్తారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. హరిశ్చంద్రుడూ అంతే, కాటి సీనుకి వేరే మనిషి దిగుతాడు. జనంలో ఒక్కరైనా ఇదేంటని అడగలేదు. మరి కాటి సీనులో గద్యం ఒకరు చెప్పి, పద్యం మాస్టారు పాడితే ఎవరికి అభ్యంతరం? కర్ర పట్టుకున్న కాటికాపరి అంటే నమ్మడానికి కష్టమేమీ లేదు కదా.

కొన్ని మారతాయి. ఐదు శ్రుతిలో పాడిన గొంతు ఇప్పుడు మూడుకి దిగింది. ఆలాపన పొడుగు తగ్గింది, ఊపిరి చాలదు. కాటి సీను తెల్లవారుజామున కాదు, తొమ్మిది లోపే పెట్టాలి. పాదానికీ పాదానికీ మధ్య ఆగితే హార్మోనియం నేను చూసుకుంటాను, మీరు చప్పట్లతో నింపకండి. ఆగినప్పుడు మాట అందిస్తే సాయమనుకుంటారు మీరు. ఆయన వెతుక్కుంటున్న మాట చెదిరిపోతుంది. ఇక వన్స్ మోర్. అది మన జబ్బు. దయచేసి ఆయనకి మాత్రం అనకండి. ఎవరైనా అంటే ఆయన మళ్లీ పాడేస్తారు, నాకు తెలుసు, ఆ తర్వాత రెండు రోజులు లేవరు.

ఇంకో పది నిమిషాల్లో ఆయన ఇక్కడే రెండు పద్యాలు పాడతారు. పైడితల్లి పండగ రాబోతోంది, నాటకాల కాంట్రాక్టర్లు కూడా సభలో ఉన్నారు. నచ్చితే వేషం మాట్లాడుకోండి, నచ్చకపోతే మానేయండి. రేటు మాత్రం వాళ్లబ్బాయిని అడగొద్దు. మాస్టారినే అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. అంకెలు ఆయనకి బాగానే వస్తున్నాయి.