రేటు చెప్పకుండా పనెలా ఇస్తారే?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈరోజు వీడియో డాలస్ నుంచి కాదండోయ్, పి.గన్నవరం నుంచి. సంక్రాంతికని సెలవు పెట్టుకుని వచ్చి పది రోజులైంది. ఉండండి, కెమెరా తిప్పుతాను. అదిగో అక్విడెక్టు! కింద గోదావరి పాయ వైనతేయ, దాని నెత్తిన కాలువ. ఆ పాత కమానులు 1850ల నాటివి, మొత్తం 49. ఇప్పుడు నీళ్ళు పారేది పక్కనున్న కొత్తదాంట్లో. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

ఇవాళ నాన్నగారూ నేనూ ధవళేశ్వరం వెళ్తున్నాం, దార్లో నా ఉద్యోగమేంటో ఆయనకి చెప్పాలి. ఎందుకంటే, నిన్న సాయంత్రం పక్కింటి అత్తయ్యగారు మా అరుగు మీద కూర్చుని అడిగారు, "మార్కెటింగంటే ఏం అమ్ముతావే అమ్మడూ, సబ్బులా?" అని. ఇంజినీరింగ్ కంపెనీలకి పనులు వచ్చేలా చూస్తానండీ అన్నాను. "ఓస్, టెండర్లేగా! మీ నాన్న పనే" అని ఆవిడ తేల్చేశారు. నాన్నగారు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన ముప్ఫై ఏళ్ళు కాలువ పనులు చేసిన కాంట్రాక్టరు. లాకుల (కాలువ నీళ్ళు ఆపి వదిలే గేట్ల) రిపేర్లు, గట్లకి రాతికట్టు వేసే రివిట్‌మెంట్లు, పిల్లకాలువల మీద కల్వర్టులు. ఆయన లెక్కలో టెండరంటే షెడ్యూలు కొనడం, ఈఎండీ అనే డిపాజిట్టు కట్టడం, సర్కారు అంచనా కన్నా ఎంత లెస్‌కి వేయాలా అని రాత్రంతా దొర్లడం, పొద్దున్న కవర్లు విప్పాక ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసినవాడు, ఎవరో చూసుకోవడం.

"మేం ముందు రేటు చెప్పం నాన్నగారూ" అన్నాను.

"రేటు చెప్పకుండా పనెలా ఇస్తారే?"

పొద్దున్న పెసరట్టు దగ్గర కూడా అదే ప్రశ్న. సరే, దార్లో మాట్లాడుకుందాం పదండి అని కారెక్కించాను.

రావులపాలెం వైపు వెళ్తున్నాం. రోడ్డుకి రెండు పక్కలా చూడండి, దాళ్వా ఊడ్పులు అవుతున్నాయి. ఇక నా ఉద్యోగం సంగతి. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వానికి డిజైన్ చేసే ఇంజినీర్లు కావాలంటే ముందు రేటు అడగరు. 1972లో వచ్చిన బ్రూక్స్ చట్టం ప్రకారం అర్హత చూస్తారు. ఎవరు చేస్తారు, ఇలాంటివి ఇదివరకు ఏం చేశారు, ఇదీ లెక్క. అందరిలో మెరుగ్గా ఉన్నవాళ్ళని పిలిచి అప్పుడు డబ్బు మాట్లాడతారు. కుదరకపోతే రెండోవాళ్ళకి కబురు. మా టెక్సస్ చట్టం కూడా ఇంచుమించు ఇంతే. కట్టే కాంట్రాక్టరు సంగతి వేరండీ, అక్కడ చాలా పనులకి మన ఎల్-1 లాంటిదే నడుస్తుంది.

నాన్నగారు కాసేపు బయటికి చూసి, "అంటే పెళ్ళిచూపులన్నమాట. ముందు కుర్రాడి గుణం, తరవాత కట్నం" అన్నారు. కట్నం మాట నాకు నచ్చలేదు గానీ పోలిక మాత్రం అతికినట్టు కుదిరింది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి నేను స్లైడ్లు వేసి మరీ చెప్పేది ఇదే.

గుణం చూపించడానికో ఫారం ఉంది, ఎస్‌ఎఫ్ 330 అంటారు. 2004 నుంచి అదే వాడుకలో ఉంది. అందులో E భాగంలో మనుషుల బయోడేటాలు, ఎఫ్‌లో ఇదివరకు చేసిన పనులు, మామూలుగా పది. జీలో ఏ మనిషి ఏ పనిలో ఉన్నాడో చూపించే గళ్ళు. ఆ గళ్ళే మా ప్రాణం తీసేది. గొప్ప ప్రాజెక్టులు పది పెట్టి, వాటిని చేసిన మనిషి పోయినేడే ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే, గళ్ళన్నీ ఖాళీగా వెక్కిరిస్తాయి.

నేనీ పనిలోకి వచ్చింది అనుకుని కాదు. 2015 మేలో, గ్రీన్‌కార్డు వరసలో ఉన్న హెచ్-1బి ఉద్యోగుల భార్యాభర్తలకి హెచ్-4 వీసా మీద పని చేసుకునే వీలు వచ్చింది. అప్పటికి నా చేతిలో ఉన్నవి అమలాపురంలో చదివిన బీకాం, ఆరేళ్ళ గ్యాపు. ఒక సివిల్ ఇంజినీరింగ్ కంపెనీలో ఫ్రంట్ డెస్కు దొరికింది. ఫోనెత్తడం, కాఫీ పొడి అయిపోతే ఆర్డరివ్వడం, పని మాకివ్వండని కంపెనీ రాసిచ్చే ప్రపోజళ్ళు బైండింగ్ చేయడం. ఓ మధ్యాహ్నం బైండింగ్ చేస్తూ చదువుతుంటే, ఒకే ఇంజినీరుకి ఒక పేజీలో 22 ఏళ్ళ అనుభవం, ఇంకో పేజీలో 19 అని ఉంది. వెళ్ళి చెప్పాను. తర్వాతి వారం నా సీటు మార్కెటింగ్ వైపు మారింది. అలాగని నెత్తిన పెట్టుకున్నారనుకోకండి. మొదటి రెండేళ్ళూ ఇంజినీర్లు ఆఖరి రోజు ఫైలు నా మెయిలుకి పారేసి "మేక్ ఇట్ ప్రెట్టీ" అనేవారు. ముగ్గులెయ్యమన్నట్టు!

నా తప్పు కూడా ఒకటి చెప్తాను. ప్రపోజల్ మధ్యాహ్నం 2 గంటలకి ఇవ్వాలి. నేను మా డాలస్ టైమనుకున్నాను. అది ఈస్టర్న్ టైము, మాకన్నా గంట ముందు. ఒంటిగంటన్నరకి అప్‌లోడ్ చేద్దామని చూస్తే పోర్టల్ మూసేసి ఉంది. నలుగురం ఐదు వారాలు చేసిన పని, ఎవరూ విప్పి చూడలేదు. ఆ సాయంత్రం పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు నా టేబుల్ మీద రెండు గడియారాలుంటాయి.

ఇవి లొల్ల లాకులండీ. ఇక్కడ ఆగకుండా వెళ్ళే మనిషి కాదు మా నాన్న. తర్వాత ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం, బెల్లంవి. బొబ్బర్లంక దాటితే గోదావరి బ్యారేజీ. నాలుగు పాయల మీదా కలిపి 175 గేట్లు. వీడియోలో గాలి హోరు తప్ప ఏమీ వినపడదు, సారీ.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరున. ఇదివరకు స్కూలు వాళ్ళు తీసుకొచ్చినప్పుడు చూశాను. ఈసారి మాత్రం నాకు గుర్రం మీది దొర కనపడలేదండీ, ప్రపోజల్ రాసే మనిషి కనపడ్డాడు. 1844, 45ల్లో ఆయన మద్రాసు ప్రభుత్వానికి రాసిన రిపోర్టులు తల్చుకోండి. 1833లో కరువు, 1839లో ఉప్పెన, జిల్లా చితికిపోయి ఉంది. గోదావరి నీళ్ళు సముద్రం పాలవుతున్నాయి, కట్ట వేస్తే పంటా వస్తుంది, శిస్తూ వస్తుందని వాదన. దానికి సాక్ష్యం తంజావూరు. కావేరి పాయ కొల్లిడం మీద 1836లో ఆనకట్టలు కట్టించింది ఆయనే. అంటే ఎఫ్ భాగం సిద్ధంగా ఉంది! మనుషులకి E భాగం కావాలా, వీణం వీరన్నగారున్నారు. కూలీలనీ సామాన్నీ కూడగట్టి పని నడిపించిన మనిషి. 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశారు.

ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. నాన్నగారు పూతరేకు నముల్తూ, "ఆయనకి పోటీ ఎవడూ లేడు కదే" అన్నారు.

ఉంది నాన్నగారూ. ఖర్చెందుకు, ఎలా ఉన్నది అలా ఉండనిద్దాం అనేవాళ్ళు. మా దగ్గరా ఎక్కువ పనులు పోయేది అక్కడే, పక్క కంపెనీ చేతిలో కాదు.

అసలు ఈ ఉద్యోగంలో కష్టం రాయడంలో లేదండీ, ఇంజినీర్ల నోరు విప్పించడంలో ఉంది. ఆ బ్రిడ్జి గురించి చెప్పండి అంటే, "ఫోర్ స్పాన్, ప్రీస్ట్రెస్డ్, ఆన్ టైమ్" అని ఊరుకుంటారు. ఒకసారి పని ఇచ్చేవాళ్ళ ప్యానెల్ ముందు ఇంటర్వ్యూకి మా సైట్ సూపరింటెండెంట్‌ని తీసుకెళ్ళాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు సైట్లలో అరిచిన గొంతు, రిహార్సల్లో స్లైడు చూసి వణికింది. స్లైడ్లు తీసేసి, ఒక పెద్ద కాగితం, మార్కరు ఇచ్చి, "రాత్రిపూట రోడ్డు మీద ఒక లేన్ ఎలా మూస్తావో గీసి చూపించు" అన్నాను. గీస్తూ గీస్తూ, పక్కనున్న స్కూల్ బస్సులు ఏ టైముకి తిరుగుతాయో, వాటికి అడ్డం రాకుండా పోయినసారి ఏం చేశాడో, అన్నీ చెప్పుకుపోయాడు. ప్యానెల్‌లో ఒకావిడ లేచొచ్చి కాగితం దగ్గర నిలబడి చూసింది. మాకు రెండో ర్యాంకు వచ్చింది. రెండో ర్యాంకుకి పైసా రాదనుకోండి. ఆ కాగితం మాత్రం మా ఆఫీసులో ఇంకా ఉంది.

తిరుగు ప్రయాణంలో లొల్ల దగ్గర మళ్ళీ ఆగాం. గట్టు మీద కూర్చుని, ఫోను ఆన్ చేసి, నాన్నగారిని అడిగాను. మీరు చేసిన పనుల్లో ఒకటి చెప్పండి.

"ఏముందే, లాకు రిపేరు. చేశాం. బిల్లు పాసైంది."

అచ్చం మా ఇంజినీర్లే! అప్పుడు నేనెప్పుడూ అడిగేదే అడిగాను. దాంట్లో మీకు నిద్ర పట్టని రోజు ఏది?

చాలాసేపు కాలువ వంకే చూశారు. తెలుసు కదండీ, మన దగ్గర కాలువ పనులన్నీ ఎండాకాలం కాలువలకి నీళ్ళు ఆపేసినప్పుడే. నీళ్ళు మళ్ళీ వదిలేలోగా అయిపోవాలి.

"జూన్ నెల. అడుగు కాంక్రీటు పోసి రెండ్రోజులే అయింది. అర్ధరాత్రి కాలువ కాపలా లస్కరు సైకిలేసుకొచ్చి తలుపు బాదాడు, పైన నీళ్ళొదిలేశారండీ, తెల్లారేసరికి ఇక్కడుంటాయి అని. మీ అమ్మ లాంతరు పట్టుకుంది. ఇసక బస్తాలు లేవు. అప్పుడు మీ తాతగారు ఏమన్నారంటే..."

ఇక్కడ ఫోన్లో స్టోరేజీ నిండిపోయింది. మిగతా నలభై నిమిషాలూ నాన్నగారి ఫోనులో తీశాను, కాకపోతే అడ్డంగా కాదు, నిలువుగా. దాన్ని సరిచేసి వచ్చే వారం పెడతాను. ఉంటానండీ, పూతరేకులకి చీమలు పడుతున్నాయి.