పే స్లిప్ నుంచి ఇన్సులిన్ సిరంజి దాకా: ప్రైవేటు ఆసుపత్రి నర్సులకు తెలిసుండాల్సినవి

స్టాఫ్ నర్స్: అందరికీ నమస్కారం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి లాంటి చోట్ల ప్రైవేటు ఆసుపత్రుల్లో కొత్తగా చేరుతున్న జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ వాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఐసీయూ నర్సులకు ట్రైనింగ్ ఇచ్చే ఎడ్యుకేటర్ అక్క మనతో ఉన్నారు. అక్కా, ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. ముందు ఏం చూడమంటారు?

ఎడ్యుకేటర్: సీటీసీ అంకె చూసి సంతకం పెట్టెయ్యొద్దు. అది మన మీద ఆసుపత్రి పెట్టే మొత్తం ఖర్చు. ఒక లెక్క వేద్దాం. గ్రాస్, అంటే కోతలకు ముందు నెల జీతం 20,000, అందులో బేసిక్, అంటే మూల వేతనం 12,000 అనుకో. మన వైపు నుంచి పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, అంటే 1,440 పోతుంది. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, గ్రాస్ మీద 0.75 శాతం, 150. ప్రొఫెషనల్ టాక్స్ 150. చేతికొచ్చేది 18,260. ఇప్పుడు ఆసుపత్రి వైపు చూడు. వాళ్ల పీఎఫ్ 1,440, వాళ్ల ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 650. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం, కోసమని నెలకు ఇంకో 577 చూపిస్తారు. అన్నీ కలిపితే సీటీసీ 22,667. ఆ అంకెకీ చేతికొచ్చే దానికీ సుమారు 4,400 తేడా.

స్టాఫ్ నర్స్: అయితే కోతలు తక్కువుండే చోటే మంచిదని చాలామంది అనుకుంటారు. "పీఎఫ్ వద్దు, మొత్తం చేతికివ్వండి" అని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఎడ్యుకేటర్: ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఆ 1,440కి ఆసుపత్రి మరో 1,440 కలుపుతోంది కదా! పైగా ఆసుపత్రి కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకి వెళ్తుంది. 10 ఏళ్ల సర్వీసు పూర్తయితే పెన్షన్‌కి అర్హత వస్తుంది. ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకుంటే ఆ సర్వీసు లెక్క తెగిపోతుంది. పాత యూఏఎన్, అంటే ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబరే కొత్త ఆసుపత్రిలో ఇచ్చి, ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాలి. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే కుటుంబానికి 7 లక్షల వరకు వచ్చే బీమా కూడా ఈ పీఎఫ్‌తోనే ముడిపడి ఉంది. నామినీ పేరు ఆన్‌లైన్‌లో ఎక్కించకుండా వదిలేస్తే ఆ డబ్బు కోసం ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

స్టాఫ్ నర్స్: ఈఎస్ఐ సంగతి? 21,000 దాటితే పోతుందంటారు.

ఎడ్యుకేటర్: అక్కడే చాలామందికి నష్టం జరుగుతోంది. నెల జీతం 21,000 దాటితే ఈఎస్ఐ ఉండదు, నిజమే. కానీ అది ఆ క్షణాన పోదు. ఏడాదికి రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. జూన్‌లో ఇంక్రిమెంట్ వచ్చి జీతం 21,500 అయిందనుకో, సెప్టెంబరు చివరి దాకా కోత సాగాల్సిందే. ఆ ఆరు నెలల్లో కట్టినదానికి వచ్చే జనవరి నుంచి జూన్ దాకా నగదు ప్రయోజనాలు ఉంటాయి. జూన్‌లోనే కోత ఆపేస్తే హెచ్ఆర్‌ని అడగాలి. ఇంకొకటి, ఆ 21,000 పరిమితి లెక్కలో ఓవర్‌టైమ్ కలపకూడదు. వరసగా డబుల్ డ్యూటీలు చేసిన నెలలో గ్రాస్ పెరిగిందని ఈఎస్ఐ తీసేస్తే అది తప్పు.

స్టాఫ్ నర్స్: నగదు ప్రయోజనం ఎంతొస్తుంది?

ఎడ్యుకేటర్: ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు కాంట్రిబ్యూషన్ ఉంటే, జబ్బుపడినప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా సగటు వేతనంలో 70 శాతం ఇస్తారు. డ్యూటీలో దెబ్బ తగిలితే ఈ రోజుల షరతేమీ లేదు. దెబ్బ తగిలిన రోజు కాక కనీసం మూడు రోజులు పని చేయలేకపోతే 90 శాతం వస్తుంది. మన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు వైద్యం కూడా ఇందులోనే. ఈఎస్ఐ నుంచి బయటికొచ్చాక ఆసుపత్రి ఇచ్చే గ్రూపు బీమాలో తల్లిదండ్రులున్నారా, ఎన్ని లక్షలు, గది అద్దెకు పరిమితి ఉందా అని అడిగి రాయించుకోవాలి. "స్టాఫ్‌కి డిస్కౌంట్ ఉందమ్మా" అన్న నోటిమాట బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేయదు.

స్టాఫ్ నర్స్: ప్రసూతి సెలవు గురించి మెసేజీలు చాలా వచ్చాయి.

ఎడ్యుకేటర్: మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు పూర్తి జీతంతో. అందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. తిప్పలొచ్చేది గర్భంతో ఉండగా ఆసుపత్రి మారినప్పుడు. ఈఎస్ఐలో ఉంటే గత రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో 70 రోజులు ఉంటే చాలు. ఇన్సూరెన్స్ నంబరు ఒకటే కాబట్టి పాత ఆసుపత్రి రోజులు కూడా కలుస్తాయి. ఈఎస్ఐ లేకపోతే మాత్రం ఆ ఆసుపత్రిలోనే, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. మారాలనుకునేవాళ్లు ఈ లెక్క వేసుకున్నాకే రాజీనామా ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నది కూడా చట్టమే.

స్టాఫ్ నర్స్: గ్రాట్యుటీకి ఐదేళ్లు ఆగాలి కదా. ఏటా కాంట్రాక్టు రెన్యువల్ చేసే చోట్ల మన వాళ్లు ఎక్కువ.

ఎడ్యుకేటర్: పర్మనెంటు వాళ్లకు ఐదేళ్లే. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్, అంటే నిర్ణీత కాలపు కాంట్రాక్టు ఉద్యోగికి ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం కూడా తప్పనిసరి. లెక్క సులువు: చివరి బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణించాలి, అది ఒక ఏడాదికి. మన 12,000 బేసిక్‌కి ఏడాదికి సుమారు 6,923. జీతం బేరం దగ్గర ఇంకో అంకె గుర్తుపెట్టుకో. సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన నిపుణుల కమిటీ 2016లో సిఫారసు చేసింది: 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20,000కి తగ్గకూడదు. సిఫారసే కాబట్టి దాన్ని పట్టుకుని నేరుగా డబ్బు వసూలు చేయలేం. కానీ పడకల సంఖ్య తెలుసుకుని కూర్చుంటే మాట్లాడే తీరు మారుతుంది.

స్టాఫ్ నర్స్: ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే?

ఎడ్యుకేటర్: చూపించాలి, సరిచూసుకున్నాక వెంటనే వెనక్కి తీసుకోవాలి. జిరాక్సులిస్తే చాలు. బాండ్ కాగితంలో ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీసు ఎన్ని రోజులు, ఈ మూడూ అంకెల్లో లేకపోతే సంతకం పెట్టొద్దు.

స్టాఫ్ నర్స్: సూది గుచ్చుకోవడం గురించి మాట్లాడదాం. బెనిఫిట్స్ లిస్టులో ఇది ఎవరూ చూడరు.

ఎడ్యుకేటర్: నన్నడిగితే మొదట చూడాల్సిందే అది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సిబ్బందికి హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయించడం, చేరినప్పుడూ ఆ తర్వాత ఏడాదికోసారీ హెల్త్ చెకప్ చేయించడం ఆసుపత్రి బాధ్యత. మన జేబులోంచి పెట్టాల్సిన పనిలేదు. టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు. చాలామంది రెండు వేయించుకుని మూడోది మర్చిపోతారు. మూడో డోసు తర్వాత నెల నుంచి రెండు నెలల్లోపు టైటర్, అంటే టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్త పరీక్ష, చేయించాలి. 10 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే రక్షణ ఉన్నట్టు. ఆ రిపోర్టు ఫోన్లో దాచుకోవాలి. గుచ్చుకున్న రోజు డాక్టరు మొదట అడిగేది అదే.

స్టాఫ్ నర్స్: గుచ్చుకుంది. వెంటనే ఏం చెయ్యాలి?

ఎడ్యుకేటర్: గ్లవ్ తీసెయ్, సబ్బుతో పారే నీళ్ల కింద కడుగు. రక్తం రావాలని పిండొద్దు, వేలు నోట్లో పెట్టొద్దు, బ్లీచింగ్, స్పిరిట్ పెట్టి రుద్దొద్దు. కంట్లో పడితే నీళ్లతోనో సెలైన్‌తోనో బాగా కడగాలి. తర్వాత ఇంచార్జి సిస్టర్‌కి చెప్పి క్యాజువాలిటీకి వెళ్లాలి. పేషెంటుకు హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) పరీక్షలు, మనకూ అవే, అదే రోజు. పేషెంటుకు హెచ్ఐవీ ఉండొచ్చనిపిస్తే పెప్, అంటే హెచ్ఐవీ సోకకుండా వాడే మందుల, మొదటి డోసు రెండు గంటల్లోపు పడటం మంచిది. రిపోర్టు వచ్చాక చూద్దామని కూర్చోవద్దు. నెగటివ్ అని తేలితే ఆపేయొచ్చు. 72 గంటలు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. మొత్తం 28 రోజులు. వికారంగా ఉందని పదో రోజుకే మానేస్తుంటారు. మాత్ర ఆపేయకుండా ముందు డాక్టరుకి చెప్పాలి. పేషెంటుకు హెపటైటిస్ బి ఉండి మనకు టీకా లేకపోతే, ఇమ్యునోగ్లోబులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్, 24 గంటల్లోపు పడాలి, టీకా కూడా మొదలవ్వాలి.

స్టాఫ్ నర్స్: కొత్తవాళ్లు భయపడి చెప్పరు. "నీ అజాగ్రత్తే" అంటారని.

ఎడ్యుకేటర్: చెప్పకపోతే నష్టం మనకే. యాక్సిడెంట్ రిజిస్టర్‌లో పేరు, టైము, ఏ సూది, ఏ పేషెంటు అన్నది ఆ షిఫ్టులోనే ఎక్కాలి. ఆసుపత్రి పనిలో సోకే అంటువ్యాధులు ఈఎస్ఐ కింద వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. ఆరు నెలల తర్వాత పాజిటివ్ వస్తే, ఆ రోజు రాసిన ఆ లైనూ, అదే రోజు తీసిన మన నెగటివ్ రిపోర్టూ ఆధారం. గుచ్చుకోవడానికి కారణాలు కూడా మామూలువే: సూదికి మళ్లీ మూత పెట్టడం, వాడిన సూదులు వేసే తెల్ల డబ్బా ముప్పావు దాటి నిండినా మార్చకపోవడం, ఆ డబ్బా మంచం దగ్గర లేక సూది పట్టుకుని వార్డంతా నడవడం.

స్టాఫ్ నర్స్: ఇక స్కిల్స్. జీతం పెంచేవి ఏవి?

ఎడ్యుకేటర్: బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ కార్డులు, అంటే గుండె ఆగిన పేషెంటును కాపాడే శిక్షణ సర్టిఫికెట్లు ఉండాలి, వాటికి రెండేళ్లే గడువు. ఖర్చు ఆసుపత్రి పెడుతుందా అని చేరేటప్పుడే అడుగు. అయితే ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు కార్డుకంటే ముందు చూసేది మందు లెక్క. అది రాకపోతే ఐసీయూ ఇవ్వరు.

స్టాఫ్ నర్స్: ఒక ఉదాహరణ చెప్పండి అక్కా.

ఎడ్యుకేటర్: ఇన్సులిన్ తీసుకో. మన దగ్గర వయల్స్ ఎంఎల్‌కి 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగావనుకో. ఆ సిరంజిలో 10 గీత అంటే పావు ఎంఎల్. పావు ఎంఎల్‌లో 25 యూనిట్లు ఉన్నాయి. 10 ఇవ్వాల్సిన చోట 25 వెళ్లింది, తెల్లవారుజామున పేషెంటు చెమటలు పట్టి స్పృహ తప్పుతాడు. తిరగేస్తే, 40 యూనిట్ల వయల్‌కి నారింజ సిరంజి వాడితే 10కి బదులు 4 మాత్రమే వెళ్తుంది, షుగర్ దిగదు, డాక్టరు డోసు పెంచుతూ పోతాడు. వయల్ మీద అంకె, సిరంజి మూత రంగు, ఈ రెండూ కలిపి పక్కనున్న సిస్టర్‌కి చూపించాకే ఇవ్వాలి.

స్టాఫ్ నర్స్: నైట్‌లో స్టోర్ నుంచి ఏ సిరంజి వస్తే అది వాడేయడం వల్లే ఇలా అవుతుంది.

ఎడ్యుకేటర్: అవును, రెండు రకాలూ ఒకే ట్రేలో ఉంచకూడదు. ఇప్పుడు బీపీ నిలబెట్టే మందు నోరాడ్రినలిన్. 50 ఎంఎల్ సిరంజిలో 4 మిల్లీగ్రాములు కలిపితే ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల పేషెంటుకు నిమిషానికి కిలోకి 0.1 మైక్రోగ్రామ్ అని ఆర్డరు. 60ని 0.1తో గుణిస్తే నిమిషానికి 6, గంటకు 360. దాన్ని 80తో భాగిస్తే గంటకు 4.5 ఎంఎల్. ఇది కాగితం మీద వేయడం వస్తే పంపులో అంకె తప్పు పడితే కంటికి తగులుతుంది. తప్పు జరిగే చోటు ఇంకొకటుంది. కొన్ని ఆంపూల్స్ మీద బైటార్ట్రేట్, అంటే ఆ మందు లవణ రూపం, బరువు పెద్దగా వేస్తారు. బైటార్ట్రేట్ 2 మిల్లీగ్రాములంటే అసలు మందు 1 మిల్లీగ్రామే. లేబుల్ చివరిదాకా చదవకపోతే ఒక షిఫ్టు సిరంజిలో సగం మందే ఉంటుంది, సిరంజి మార్చగానే బీపీ పడిపోతుంది. అందుకే సిరంజి మీద మందు పేరొక్కటే రాస్తే చాలదు. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని ఎంఎల్‌లో, కలిపిన టైము, సంతకం, అన్నీ రాయాలి.

స్టాఫ్ నర్స్: పొటాషియం క్లోరైడ్ కూడా చెప్పండి.

ఎడ్యుకేటర్: 15 శాతం, 10 ఎంఎల్ ఆంపూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు. నేరుగా ఐవీ పుష్ ఎప్పుడూ ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. చేతి సిర నుంచి గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లకి మించకుండా. బాటిల్‌లో కలిపాక నాలుగైదుసార్లు తిరగేసి కలపాలి, లేకపోతే మందు అడుగునే ఉండి మొదట అదే వెళ్తుంది.

స్టాఫ్ నర్స్: ఉద్యోగం మారేటప్పుడు తీసుకోవాల్సిన కాగితాలు చెప్పేసి ముగిద్దాం.

ఎడ్యుకేటర్: ఎక్స్‌పీరియెన్స్ లెటర్. "ఈమె మా దగ్గర పనిచేసింది, ప్రవర్తన మంచిది" అన్న రెండు లైన్ల లెటర్‌తో పని జరగదు. చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, ఏ యూనిట్, ఆసుపత్రిలో ఎన్ని పడకలు, వారానికి ఎన్ని గంటలు, ఇవన్నీ ఉండాలి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల కోసం పెట్టే నార్సెట్‌కి జీఎన్ఎం వాళ్లు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం చూపాలి. లెటర్‌లో పడకల సంఖ్య లేక ఇబ్బందిపడేవాళ్లుంటారు. ఆ ఉద్యోగం కేంద్ర జీతాల పట్టికలో లెవెల్ 7, బేసిక్ 44,900 నుంచి మొదలు, కాబట్టి ఆ ఒక్క లైను కోసం హెచ్ఆర్ దగ్గరికి పదిసార్లు తిరిగినా నష్టం లేదు.

స్టాఫ్ నర్స్: గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు?

ఎడ్యుకేటర్: అక్కడ డేటాఫ్లో అనే సర్టిఫికెట్లు సరిచూసే సంస్థ వాళ్లు లెటర్ ఇచ్చిన ఆసుపత్రినే అడిగి సరిచూస్తారు. లెటర్‌లో తేదీ ఒకటి, పీఎఫ్ పాస్‌బుక్‌లో ఇంకొకటి ఉంటే అనుమానమొస్తుంది. అందుకే మానేసే ముందే యూఏఎన్ పోర్టల్‌లో చేరిన తేదీ, పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తో పోల్చి చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండటం మన తెలుగువాళ్లకు మామూలే. ఆధార్‌లో ఎలా ఉందో అలాగే అన్నిచోట్లా మార్పించుకోండి. కొన్ని మార్పులకు హెచ్ఆర్ ఆమోదం కావాల్సి రావచ్చు కాబట్టి, నోటీసు పీరియడ్ మొదలైన వారంలోనే ఆ రిక్వెస్ట్ పెట్టేయండి.