యాది, యాడి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు చదివారు, నాలుగోసారి నేను చదవను. హెడ్మాస్టరు గారు పది నిమిషాలన్నారు. పిల్లలు ఎండలో ఉన్నారు, ప్రయత్నిస్తాను.

ఇవాళ సెప్టెంబర్ 9, కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజు. పుట్టింది 1914లో. నాన్నది మరాఠీ, అమ్మది కన్నడం, ఆయన్ని మనవాణ్ని చేసింది మాత్రం తెలుగు కవిత్వం. బడిపలుకుల భాష కన్నా పలుకుబడుల భాషే కావాలన్నారు. ఆయన మీద రాసుకొచ్చిన కాగితం జేబులో ఉంది. అక్కడే ఉండనివ్వండి. మీతో ఒకటి చెప్పుకోవాలి.

ఐదో తరగతిలో ‘మా నాయనమ్మ’ అని వ్యాసం రాయమన్నారు. ‘నాయనమ్మ రోజూ యాదికొస్తది’ అని రాశాను. మా సారు ఎర్రసిరాతో ‘యాది’ కొట్టేసి ‘జ్ఞాపకం’ అని రాశారు. ‘వస్తది’ కింద రెండు గీతలు. దస్తూరి బాగుందని మెచ్చుకున్నారు కూడా, పాపం. ఇంటికెళ్లి చదువుకుంటే ఆ నాయనమ్మ ఎవరి నాయనమ్మో అనిపించింది. జ్ఞాపకం సంస్కృతం నుంచి వచ్చింది, యాది ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. రెండూ చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయినవే. ఒకదానికి కుర్చీ వేసి, ఇంకోదాన్ని వాకిట్లో నిలబెట్టుడేంది?

ఆ కోపంతోనే తెలుగు సార్‌నయ్యాను. ఎనిమిదో తరగతికి ఏటా ఒక పని పెట్టేవాణ్ని: మీ ఇంటి మాట ఒకటి పట్టుకురండి, ఎవరు ఎప్పుడంటారో చెప్పండి. ఒకడు ‘పైలం’ తెచ్చాడు. నాన్న లారీ ఎక్కేముందు వాళ్లమ్మ అనే మాట. ‘జాగ్రత్త అన్నా అదే కదరా’ అన్నాను. ‘కాదు సార్, జాగ్రత్త కరెంటు డబ్బా మీద రాస్తరు’ అన్నాడు. ఇంకొకడు ఏకంగా వస్తువే తెచ్చాడు, శిబ్బి. గంజి వార్చేటప్పుడు గిన్నె మీద పెట్టే చిల్లుల మూత. ఇళ్లలోకి కుక్కర్లు వచ్చాక క్లాసులో సగం మందికి అదేంటో తెలియలేదు. ఇక్కడ తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఆరుగురు. టీచర్లు దించండి, మిమ్మల్ని అడగలేదు!

ఎక్కడున్నాను? ఆ, యాది. తండా నుంచి వచ్చే ఒకమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పేది కాదు, లేచొచ్చి బోర్డు మీద ‘యాడి’ అని రాసింది. నేనేం చేశానో తెలుసా? సుద్దముక్క తీసుకుని ‘డి’ చెరిపి ‘ది’ రాశాను. ‘డ కాదమ్మా, ద’ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల వెళ్లి కూర్చుంది.

ఇంటర్వెల్‌లో వాళ్ల తండా పిల్లాడే వచ్చి చెప్పాడు. ‘సార్, మా లంబాడీల యాడి అంటే అమ్మ.’

అమ్మ! ఇన్నేళ్లూ ఎర్రసిరాని తిట్టుకున్నవాణ్ని, సుద్దతో ఒకరి అమ్మని చెరిపేశాను. రాత్రి అన్నం సహించలేదు. మా ఆవిడ బీపీ అనుకుంది.

మర్నాడు బోర్డు మీద ‘యాడి’ అని రాసి, తప్పు నాదని చెప్పి, ఎలా పలకాలో నేర్పమన్నాను. మూడుసార్లు దిద్దింది నన్ను. వాళ్ల భాష రాజస్థానీకి దగ్గరిది, మన తెలుగు కుటుంబంలోది కానే కాదు. ఆ పిల్ల ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష మోస్తోందని అన్నేళ్ల సర్వీసులో నాకు తట్టనేలేదు.

చీటీ వచ్చింది, టైం అయిపోయిందట. ఈ బడిలోనూ తండా పిల్లలున్నారని విన్నాను. అదిగో, చివరి వరుసలో గుసగుసలాడుకుంటున్నారు. ఆ మైకు అటివ్వండి. నేను కింద కూర్చుంటాను.