బ్లూమియా జాతులను గుర్తుపట్టడం ఎలా

(కర్నూలులో డిగ్రీ వృక్షశాస్త్ర విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్ల మీదా, పప్పుశనగ కోసేసిన నల్లరేగడి చేలలోనూ మెత్తటి నూగుతో, ఘాటైన వాసనతో పెరిగే కుక్కపొగాకు మొక్కను మీరంతా చూసే ఉంటారు. చామంతి కుటుంబంలో ఇది బ్లూమియా ప్రజాతికి చెందినది. జావా వృక్షసంపదను అధ్యయనం చేసిన కార్ల్ బ్లూమె పేరిట స్విస్ శాస్త్రవేత్త ద కాండోల్ 1833లో ఈ ప్రజాతిని ఏర్పరిచాడు.

ఈ ప్రజాతిలో జాతిని తేల్చేటప్పుడు ఆకును నమ్మవద్దని నా మొదటి మనవి. బ్లూమియా లాసెరా ఆకు ఒక మొక్కలోనే కింద తమ్మెలుగా చీలి, పైన రంపపు అంచుతో చిన్నదిగా ఉంటుంది. తడి నేలలో ఒక తీరుగా, బీడులో మరో తీరుగా పెరుగుతుంది. వాసన కూడా అంతే, ఈ ప్రజాతిలో చాలా జాతులు కర్పూరాన్ని తలపించే వాసన వేస్తాయి.

కాబట్టి పూశీర్షాన్ని, అంటే ఒకే పువ్వులా కనబడే చిన్న పూల గుత్తిని, బ్లేడుతో నిలువుగా కోసి, పదింతలు చూపే భూతద్దం కింద పెట్టండి. బయట సన్నటి పుచ్ఛాలు (శీర్షాన్ని చుట్టి ఉండే చిన్న ఆకులు) అనేక వరుసల్లో, వెలుపలివి పొట్టిగా, లోపలివి పొడుగ్గా ఉంటాయి. పొద్దుతిరుగుడుకు ఉన్నట్టు అంచున రేకులవంటి పుష్పకాలు (శీర్షంలోని చిన్న పూలు) దీనికి ఉండవు. అంచున దారాల్లాంటి స్త్రీ పుష్పకాలు ఎన్నో, నడుమ గొట్టంలాంటి ద్విలింగ పుష్పకాలు కొన్ని కనబడతాయి. ముదిరిన శీర్షం నుంచి గింజలను ఊది తీసేస్తే అవి కూర్చున్న పీఠం, అంటే పుష్పాసనం బయటపడుతుంది. అది కొన్ని జాతుల్లో నున్నగా, కొన్నిటిలో వెంట్రుకలతో ఉంటుంది కనుక ఆ ఒక్క పరిశీలనతోనే చాలా పేర్లు పక్కకు తప్పుకుంటాయి.

తరువాత రంగు. లాసెరా పుష్పకాలు పసుపు, బ్లూమియాలోనే మరో జాతి ఆక్సిల్లారిస్ పుష్పకాలు ఊదా. ఆక్సిల్లారిస్‌నే పాత గ్రంథాలు మోలిస్ అనీ, వైటియానా అనీ పేర్కొన్నాయి. ఈ పేర్ల తికమక విద్యార్థులనే కాదు, అధ్యాపకులనూ వదలదు.

ఊదా పూలు కనబడగానే ఆక్సిల్లారిస్ అని రాసేయకండి, బ్లూమియాను పోలిన మరో ప్రజాతి లాగెరా కావచ్చు. లాగెరా అలాటాలో కాండం పొడవునా రెక్కలుంటాయి. కేసరాన్ని సూదితో విడదీస్తే బ్లూమియా పరాగకోశాల (పుప్పొడి సంచుల) అడుగున తోకలు కనబడతాయి, లాగెరాకు అవి ఉండవు.

ఎండబెట్టిన నమూనాలో రంగు వెలిసిపోతుంది. అందుచేత పూల రంగును చేలోనే చీటీ మీద రాసుకొని, లేత శీర్షాలతో పాటు ముదిరినవీ సేకరించండి.