కార్డు చెప్పని దిగే స్టాపు

సభకు నమస్కారం.

మన విశాఖ సిటీ బస్సులో కండక్టరు “ఎక్కడ దిగాలి?” అని అడిగి టికెట్టు కొడతారు కనుక, ఎక్కిన స్టేజీ, దిగబోయే స్టేజీ రెండూ మిషన్‌లో నమోదవుతాయి. పాసు చూపించి కూర్చునే విద్యార్థి విషయంలో ఆ వివరం దొరకదు. లండన్ బస్సుల్లోనూ, చిలీ రాజధాని శాంటియాగోలోనూ అందరిదీ ఇదే పరిస్థితి: ఎక్కేటప్పుడు మాత్రమే టికెట్టు కార్డును మిషన్‌కు తాకిస్తారు, దిగిన చోటు నమోదు కాదు.

న్యూయార్క్ సబ్‌వేలో టికెట్టుగా వాడిన మెట్రోకార్డు రికార్డులను పరిశీలించినవారు 2002లో రెండు ఊహలతో ఈ ఖాళీని పూరించారు. ఒక ప్రయాణం ముగిసిన చోటే చాలామంది తర్వాతి ప్రయాణం మొదలుపెడతారు. రోజులో చివరి ప్రయాణం ఉదయం బయలుదేరిన చోటికే చేరుతుంది. మన దగ్గరా అలాంటి కార్డే ఉంటే, గాజువాకలో మద్దిలపాలెం బస్సెక్కిన కార్డు, సాయంత్రం గురుద్వారా దగ్గర గాజువాక బస్సులో కనిపించిందనుకుందాం. ఉదయం ఆ మనిషి గురుద్వారాలోనే, అయితే హైవేకు అవతలి వైపు స్టాపులో దిగి ఉంటాడని, రాత్రికి గాజువాక చేరాడని లెక్క వేస్తాం. బస్సు జీపీఎస్ రికార్డు కలిపితే దిగిన సమయం కూడా తెలుస్తుంది; కొద్ది నిమిషాల్లోనే మరో బస్సెక్కితే అది బస్సు మారడం, గంటలు గడిచాక ఎక్కితే అక్కడ పనేదో ఉన్నట్టు.

అదే కార్డు సాయంత్రం జగదాంబ దగ్గర కనిపిస్తే చిక్కు మొదలవుతుంది. ఉదయం ఎక్కిన బస్సు అటు వెళ్లదు, హైవే మీది స్టాపుల నుంచి జగదాంబ నడకదూరం కాదు. మధ్యలో షేర్ ఆటో ఎక్కి ఉంటాడు, దానికి రికార్డు లేదు. ఎంత దూరం వరకు నడక అనుకోవాలన్నది పరిశోధకుల ఇష్టం మీద ఆధారపడింది. కొందరు 400 మీటర్లన్నారు, కొందరు 2 కిలోమీటర్లు. ఈ హద్దు పెంచినకొద్దీ అంచనాల సంఖ్య పెరుగుతుంది, వాటి మీద నమ్మకం తగ్గుతుంది.

శాంటియాగోలో 80 శాతానికి పైగా ప్రయాణాలకు దిగిన చోటు అంచనా వేయగలిగారు. ఈ అంకెను చాలామంది కచ్చితత్వంగా చదువుతారు. నిజానికి అది జవాబు దొరికిన ప్రయాణాల వాటా మాత్రమే, సరైన జవాబుల వాటా కాదు. సరైనవెన్నో తేల్చడానికి సియోల్ వంటి చోట్ల దిగేటప్పుడూ తాకించిన కార్డులు పనికొస్తాయి.

మిగిలిన ప్రయాణాలను, దొరికినవాటి నిష్పత్తిలోనే పంచేయడం మామూలు పద్ధతి. విశాఖలో ఇది చెల్లదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ ఒక ప్రయాణాన్ని తర్వాతిదానితో కలిపే ఈ గొలుసు తెగేది ఎక్కువగా షేర్ ఆటో వాడేవారికే, అంటే బస్సు సౌకర్యం చాలని ప్రాంతాలవారికే. వారిని మిగతావారి పోలికలో సర్దేస్తే కొత్త రూటు అవసరమైన చోటే అవసరం లేనట్టు తేలుతుంది. ఆ ప్రయాణాలకు దిగిన చోటును ఖాళీగానే ఉంచి, అలాంటి కార్డులు ఎక్కువగా కనిపించే స్టాపుల్లో మనుషులను నిలబెట్టి ప్రయాణికులను అడిగించాలి.